డ్రైవర్ లేని డివైస్‌కి లినక్స్‌లో మీరే డ్రైవర్ రాయాలంటే

యూఎస్‌బీ డివైస్ పెట్టారు, లినక్స్‌లో ఉలుకూ పలుకూ లేదు. డ్రైవర్, అంటే ఆ డివైస్‌తో మాట్లాడే ప్రోగ్రామ్, లేదని వెంటనే సీ భాషలో కోడ్ మొదలుపెట్టకండి. ముందు ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొడితే నాలుగేసి అక్షరాల నంబర్లు రెండు కనిపిస్తాయి, అవే వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ. వాటిని కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) సోర్స్ కోడ్‌లో వెతకండి. చాలాసార్లు లోపలి చిప్ పాతదే అయ్యుంటుంది, ఈ కొత్త నంబరు డ్రైవర్ జాబితాలో లేదంతే. కెర్నల్ సందేశాలు కనిపించే డీమెసేజ్ లాగ్ కూడా చూడండి, ఒక్కోసారి డివైస్‌లోకి ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్ ఫైల్ లేకే ఆగిపోతుంది.

నిజంగానే డ్రైవర్ లేకపోతే అసలు పని డివైస్ మాట వినడం. వర్చువల్ మెషీన్‌లో (మీ కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్‌లో) విండోస్ వేసి, కంపెనీ సాఫ్ట్‌వేర్ పెట్టి, డివైస్‌ని దానికి అప్పగించండి. ఇటు లినక్స్‌లో యూఎస్‌బీ మాటలు వినిపించే యూఎస్‌బీమాన్ మాడ్యూల్ (కెర్నల్‌లోకి ఎక్కించే కోడ్ ముక్క) లోడ్ చేసి, వైర్‌షార్క్ ప్రోగ్రామ్‌లో ప్యాకెట్లు, అంటే అటూ ఇటూ వెళ్లే డేటా ముక్కలు, చూడండి. ఒకసారికి ఒక్క పనే చేయాలి. ఉదాహరణకి అది దీపమైతే వెలుతురు ఒక్క మెట్టు పెంచి ఆగండి, మళ్లీ ఒక్క మెట్టు పెంచండి, రెండు ప్యాకెట్లనూ పక్కపక్కన పెట్టుకుంటే ఎనిమిది బైట్లలో మూడోది ఒకటి పెరిగింది, చివరిది కూడా ఒకటి పెరిగింది అనుకోండి, మూడోది వెలుతురు, చివరిది బహుశా చెక్‌సమ్, అంటే మిగతా బైట్లు సరిగ్గా చేరాయో లేదో చూసుకునే లెక్క. ఇక్కడే రోజులు గడిచిపోతాయి, పోనివ్వండి, నోట్‌బుక్‌లో ప్రతి బైట్ రాసుకోండి.

తర్వాత అవే బైట్లు పైథాన్‌లో పైయూఎస్‌బీ లైబ్రరీతో పంపి చూడండి. బిజీ అని ఎర్రర్ వస్తే వేరే కెర్నల్ డ్రైవర్ ఏదో దాన్ని పట్టుకుని ఉన్నట్టు, ముందు దాన్ని విడిపించాలి. దీపం వెలిగిందా? అలాంటి డివైస్‌కి ఇంతే చాలు, కెర్నల్ జోలికి వెళ్లకండి. నెట్‌వర్క్ కార్డ్, కెమెరా లాంటివి మిగతా ప్రోగ్రాములన్నిటికీ మామూలుగా కనబడాలి కాబట్టి వాటికి మాత్రం కెర్నల్ మాడ్యూలే సరైనది.

మాడ్యూల్‌కి కెర్నల్ సోర్స్‌లోనే ఉన్న యూఎస్‌బీ-స్కెలిటన్ ఫైల్‌తో మొదలుపెట్టండి. ఐడీ టేబుల్‌లో మీ నంబర్లు పెడితే డివైస్ తగిలించగానే ప్రోబ్ ఫంక్షన్ నడుస్తుంది, పీకగానే డిస్‌కనెక్ట్ నడుస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది రెండుచోట్ల. యూఎస్‌బీకి ఇచ్చే బఫర్ (డేటా పెట్టే మెమరీ) స్టాక్ మీద, అంటే ఫంక్షన్ తన లోపలి వేరియబుల్స్‌కి వాడుకునే చోట, ఉండకూడదు, అది డీఎంఏకి (హార్డ్‌వేర్ నేరుగా మెమరీని చదవడానికి, రాయడానికి) పనికిరాదు, కెర్నల్‌లో మెమరీ ఇచ్చే కేమాలాక్ ఫంక్షన్‌తో తీసుకోవాలి. రెండోది, ఏదో ప్రోగ్రామ్ డివైస్ ఫైల్ తెరిచి ఉండగానే వైరు పీకితే మెమరీ ఎప్పుడు వదలాలో లెక్క ఉండాలి, స్కెలిటన్‌లో కేరెఫ్ (ఇంకా ఎందరు వాడుతున్నారో లెక్కపెట్టేది) ఉన్నది అందుకే, దాన్ని తీసేయకండి. మీ రోజువారీ మెషీన్ మీద కాకుండా వర్చువల్ మెషీన్‌లో పరీక్షించండి, కెర్నల్‌లో ఒక్క తప్పు పాయింటర్ (మెమరీ చిరునామా) చాలు మొత్తం సిస్టమ్ ఆగిపోవడానికి. మాడ్యూల్‌ని లోడ్ చేసే ఇన్స్‌మాడ్ కమాండ్ ఒప్పుకోకపోతే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందేమో చూడండి, సంతకం లేని మాడ్యూల్‌ని అది రానివ్వదు.

బాగా నడిచాక కెర్నల్ సోర్స్‌లోని చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్‌తో కోడ్ శుభ్రం చేసి, గెట్-మెయింటైనర్ స్క్రిప్ట్ చూపించిన, ఆ భాగాన్ని చూసుకునే వాళ్లకి ప్యాచ్ (మీ మార్పుల ఫైల్) పంపించండి. తీసుకుంటే అదే డివైస్ ఉన్న ఇంకొకరు ఇదంతా మళ్లీ చేయక్కర్లేదు.