ఏ పనీ లేకుండా కొండెక్కడం ఎలా

మా కడప జిల్లాలో కొండకు వెళ్లే ప్రతివాళ్లకూ ఒక కారణం ఉంటుంది. దేవుడికి మొక్కు, గొర్రెలకు మేత, పొయ్యికి కట్టెలు, వానలు తగ్గాక సీతాఫలాలు. ఇవేవీ లేకుండా ఊరికే వెళ్తానంటే ఇంట్లో అనుమానంగా చూస్తారు. ఆడమనిషి అంటే మరీనూ. నేను ప్రొద్దుటూరులో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. దసరా నుంచి పెళ్లిళ్ల కాలం దాకా తల ఎత్తే తీరిక ఉండదు. సెలవు రోజున ఎర్రమల కొండలకు వెళ్తానని మొదట అన్నప్పుడు మా అత్తగారు అడిగింది ఒకటే మాట: "అక్కడ ఏ దేవుడున్నాడు?"

అందుకే, కొత్తవాళ్లు గుడి ఉన్న కొండతోనే మొదలుపెట్టండి. అహోబిలం మంచిది. నవ నారసింహుల్లో కొందరి దగ్గరికి ఎగువ అహోబిలం దాటి అడవిలో నడిచే వెళ్లాలి. భవనాశి వాగు, బండరాళ్లు, నిటారు మెట్లు అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. భక్తుల తోడు దొరుకుతుంది, ఇంట్లో ప్రశ్నలు ఉండవు. మీ మోకాళ్లు ఏ మాత్రం ఒప్పుకుంటాయో కూడా అక్కడే తేలిపోతుంది.

ఆ తర్వాత మీకంటూ ఒక కొండను ఎంచుకోండి. ఒక్కటి చాలు. బస్సులో గంట, గంటన్నరలో చేరగలిగేది అయితే చాలు, పేరున్నది కానక్కర్లేదు. గుత్తి చుట్టుపక్కల వాళ్లకు ఒక గుట్ట, పెనుకొండ వాళ్లకు ఒక గుట్ట ఎలాగూ కళ్ల ముందే ఉంటుంది. గండికోట, బెలుం గుహలు, తిమ్మమ్మ మర్రిమాను, లేపాక్షి అన్నీ రెండు రోజుల్లో చుట్టివచ్చే వాళ్లను చూస్తుంటాను. సోమవారం వాళ్ల దగ్గర వంద ఫోటోలు, ఒక నడుం నొప్పి ఉంటాయి. నాకు తృప్తి దొరికింది పరిచయం వల్ల. అదే రేగు పొద వేసవిలో ఎలా ఉంటుందో, తొలకరి పడిన వారానికి ఎలా ఉంటుందో తెలిశాక, ఆ పొద దగ్గరికి చుట్టాలింటికి వెళ్లినట్టే వెళ్తాం.

నా కొండ గండికోట దగ్గర ఎర్రమల. జమ్మలమడుగు నుంచి కోట 15 కిలోమీటర్లు. పర్యాటకులు మసీదు, ధాన్యాగారం, రంగనాథుడి గుడి చూసి, పెన్నా లోయ అంచున ఫోటో దిగి పావుగంటలో వెళ్లిపోతారు. మీరు అంచుకు నాలుగైదు అడుగులు ఇవతల, నీడ చూసుకుని కూర్చోండి. లోయ కొన్నిచోట్ల సుమారు 300 అడుగుల లోతు, పైగా గాలి ఎక్కువ. వాన పడితే ఆ ఎర్ర బండలు జారుతాయి. ఫోను పట్టుకుని వెనక్కి అడుగులు వేయడమంత తెలివితక్కువ పని అక్కడ మరొకటి లేదు.

కూర్చున్నాక మొదటి అరగంట బుర్రలో దుకాణమే తిరుగుతుంది. ఎవరి బాకీ ఎంత, ఏ చీటీ ఎక్కడ పెట్టాను అని. తిరగనివ్వండి. కళ్లు మూసుకుని ధ్యానం చేయమని నేను చెప్పను. నాకైతే కళ్లు మూస్తే బాకీలే కనిపిస్తాయి. కళ్లు తెరిచి ఒక చిన్న వస్తువును చూడటం మేలు. ఉదాహరణకు మీరు కూర్చున్న బండనే చూడండి. కొన్నిటి మీద వరుసగా అలల గీతలు ఉంటాయి. వేలితో తడిమితే తెలుస్తాయి. వంద కోట్ల ఏళ్లకు ముందెప్పుడో ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున ఇసుక మీద నీళ్లు గీసిన గీతలు అలాగే గట్టిపడిపోయాయి. ఈ రాతికి భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కూడా మన ఊరిదే, గండికోట క్వార్ట్జైట్. కడప, కర్నూలు శిలల మీద విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లోనే ఒక పెద్ద గ్రంథం రాశాడు. మన ఇళ్లలో పరిచే నల్ల బండలు ఆ తర్వాతి కాలపు సముద్రంలో పేరుకున్న సున్నపురాయి. అలాంటి సున్నపురాతిని నీళ్లు కరిగించుకుంటూ పోతేనే 3,229 మీటర్ల బెలుం గుహలు ఏర్పడ్డాయి. ఇది తెలిసినప్పటి నుంచి ఇల్లు తుడుస్తూ కూడా నేను బండల వంక చూస్తుంటాను. మా అమ్మాయి నవ్వుతుంది.

వెళ్లిన ప్రతిసారీ ఒక్క పిట్టనో, ఒక్క చెట్టునో పేరుతో గుర్తుపట్టండి, అంతకంటే ఆశపడకండి. పాలపిట్ట, పసుల పోలిగాడు, కౌజు, తర్వాత తంగేడు, చండ్ర. పేర్లు పుస్తకాల్లో కంటే గొర్రెల కాపరుల దగ్గర తొందరగా దొరుకుతాయి. నేను ఊరికే కూర్చుని ఉండటం చూసి ఒక పెద్దాయన, "ఏమమ్మా, ఏమైనా పోగొట్టుకున్నావా?" అని అడిగాడు. "లేదు తాతా, చూస్తున్నాను" అన్నాను. "ఏముంది చూసేదానికి?" అంటూనే పక్కన చతికిలబడి, ఏ పొదను మేక ముట్టదో, ఎక్కడ నీళ్లు చివరిదాకా ఆగుతాయో గంటసేపు చెప్పాడు. వాళ్లతో మాట్లాడేటప్పుడు తొందరపడవద్దు. దారి అడిగితే వాళ్లు చెప్పే "ఇదిగో, ఇక్కడే" మాత్రం మన నడకకు రెండు మైళ్లు.

ఇక సర్దుకోవలసినవి. కార్తీకం నుంచి మాఘం దాకా ఎప్పుడైనా వెళ్లవచ్చు. ఎండాకాలంలో తెల్లవారుజామున బయల్దేరి తొమ్మిదికల్లా కిందికి దిగాలి. మన ఎండతో పౌరుషాలు పనికిరావు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు. తిండికి జొన్నరొట్టె, చెనక్కాయల పొడి. బొరుగులు తేలికే కానీ నాలుక పిడచకట్టిపోతుంది. కాలికి బూట్లు ఉండాలి. చీరతో ఎక్కలేమని కాదు కానీ ముళ్లపొదలతో రోజంతా పేచీ పడాలి. తోడుకు మా వదిన వస్తుంది. కొండెక్కేదాకా ఎంతైనా మాట్లాడుకుంటాం, పైన మాత్రం చెరొక బండ. ఏ దారిన వెళ్తున్నదీ, ఎన్నింటికి వస్తున్నదీ ఇంట్లో చెప్పి వెళ్లండి.

కంటికి కనబడని రాతి సందులో చెయ్యి పెట్టవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగూ మన వైపు ఉన్నాయి. కరిస్తే కోయడం, కట్టు బిగించడం, నాటుమందు అన్నీ మాని, ఆ అవయవాన్ని కదలనీయకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి వెళ్లాలి. కొండచరియకు పెద్ద తేనెతుట్టెలు వేలాడుతుంటే దాని కింద పొగ, అరుపులు వద్దు. నల్లమల వైపు సీతాఫలాల కాలంలో సందెవేళ ఎలుగుబంట్లు తిరుగుతాయి, చీకటిపడకముందే దిగిపోండి.

లంకమల, పాలకొండలు, శేషాచలం చూడాలనిపిస్తే ముందు అటవీ శాఖను అడగండి. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరం. ఎర్రచందనం ఉన్న అడవిలో సంచీతో కనిపించిన వాళ్లను అటవీ సిబ్బంది ఆపి ప్రశ్నిస్తారు, అందులో సిబ్బంది తప్పేమీ లేదు. పైగా లంకమలలోని ముళ్లపొదలు కలివి కోడి ఆవాసం. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న పిట్ట, 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే పిట్ట కాబట్టి మీకు కనబడదు. కనబడాలని పొదల్లోకి దూరవద్దు. అనుమతి దొరకకపోతే మీ గుట్టకే మళ్లీ వెళ్లండి. సంచీలో ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చుకోవడానికి చోటు ఉంచుకోండి, మీ ముందు వెళ్లినవాళ్లవి కూడా పట్టేంత.