600 ఎంఎం లెన్స్‌కి కదలని ట్రైపాడ్ ఎలా ఎంచుకోవాలి: చెన్నైలో బర్డ్ ఫోటోలు తీసేవాళ్ళకి

చలికాలం వచ్చిందంటే చాలు, ఆదివారం తెల్లారేసరికి పళ్ళికరణై రోడ్డు పక్కన, పులికాట్ వైపు పెద్ద పెద్ద లెన్సులు కనిపిస్తాయి, అందులో మన తెలుగువాళ్ళు కూడా బాగానే ఉంటారు. లెన్స్‌కి లక్షకు పైన పెట్టి, ట్రైపాడ్ దగ్గరికొచ్చేసరికి మిగిలిన డబ్బులకి ఏది వస్తే అది కొనేస్తున్నారు, తర్వాత ఫోటో షార్ప్‌గా రావట్లేదని లెన్స్ అమ్మేద్దామా అని అడుగుతుంటారు. అమ్మే ముందు కింద ఉన్న కాళ్ళ సంగతి చూడండి.

ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 600 ఎంఎం పెడితే మనకి కనిపించేది సుమారు 4 డిగ్రీలే, చిన్న సెన్సర్ ఉండే క్రాప్ కెమెరా అయితే ఇంకా తక్కువ. అంత ఇరుకులో చూస్తున్నప్పుడు చిటికెడు కదిలినా పిట్ట కన్ను బ్లర్ అయిపోద్ది. ఎండలో సెకనులో 2000వ వంతు షటర్‌కి తీసేటప్పుడు ఈ తేడా అంతగా తెలీదు, పొద్దున్నే వెలుగు సరిగా లేనప్పుడు 200కో 100కో దిగితేనే బయటపడుతుంది, మంచి ఫోటోలేమో ఆ టైంలోనే దొరుకుతాయి. ఎగిరే పిట్టల్ని చేత్తో తీసుకోండి, దానికి ట్రైపాడ్ అడ్డం. లకుముకి పిట్ట మునక కోసం గంటసేపు ఒకే కొమ్మ మీద గురిపెట్టి కూర్చోవాలంటే మాత్రం ట్రైపాడ్ లేకుండా చేతులు తట్టుకోవు.

అందరూ ముందు చూసేది డబ్బా మీద రాసిన లోడ్ కెపాసిటీ. దాన్ని ఎక్కువగా నమ్మొద్దండి. అన్ని కంపెనీలూ ఒకేలా కొలవాలని రూలేం లేదు, ఎవరి లెక్క వాళ్ళది. 15 కేజీలు అని రాశారంటే అంత బరువుకి కుప్పకూలదు అని అర్థం, వణకదు అని కాదు. మన బరువు ఎంతో మనమే కూడుకోవాలి. పాత సిగ్మా 150-600 స్పోర్ట్స్ ఒక్కటే 2.86 కేజీలు, బాడీ కేజీ దగ్గర, లెన్స్‌ని వేలాడదీసి తిప్పే గింబల్ హెడ్ కేజీన్నర దాకా, అంటే 5 కేజీలు దాటేసింది. సోనీ 200-600 అయితే లెన్స్ 2.1 కేజీలే, కొంచెం నయం.

అసలు చూడాల్సింది కాలు మందం. పైన ఉండే మొదటి గొట్టం ఎన్ని ఎంఎం అని అడగండి, ఈ బరువులకి 32 ఎంఎం తగ్గకుండా చూసుకోండి. 25కీ 32కీ పెద్ద తేడా ఏముందిలే అనిపిస్తుంది గానీ, గొట్టం గోడ మందం ఒకటే అయితే వంగకుండా నిలబడే బలం దాదాపు రెట్టింపు అవుతుంది. లియోఫోటో లాంటివాళ్ళు మోడల్ నంబర్లోనే ఇది చెప్పేస్తారు, 324 అంటే 32 ఎంఎం గొట్టం, 4 సెక్షన్లు (కాల్లో ఒకదాంట్లోంచి ఒకటి లాగే ముక్కలు). సెక్షన్లు ఎన్ని తక్కువుంటే అంత మంచిది, ఎందుకంటే ప్రతి జాయింట్ దగ్గరా కొంచెం వదులుంటుంది, పైగా ఆఖరి సెక్షన్ పుల్లలా సన్నగా అయిపోద్ది. బైక్ మీద వెళ్ళేవాళ్ళకి 4 సెక్షన్లవే మోయడానికి వీలు, కారుంటే 3 తీసుకోండి.

సెంటర్ కాలమ్, అంటే మధ్యలో పైకి లేచే గొట్టం, ఉన్నది మాత్రం వద్దే వద్దు. దాన్ని పైకి లేపి లెన్స్ పెట్టడమంటే పీట మీద కర్ర నిలబెట్టి దాని నెత్తిన నిండు బిందె పెట్టినట్టే. కాలమ్ లేకుండానే ఎత్తు సరిపోవాలి, దానికి లెక్క ఇలా వేసుకోండి: మనిషి 170 సెంటీమీటర్లు అయితే కళ్ళు 158 దగ్గర ఉంటాయి, గింబల్ ఒక 20 తీసేస్తుంది, అంటే కాళ్ళు 138 వస్తే చాలు. పల్లంలో పెట్టినప్పుడు కావాలి కాబట్టి పైన ఇంకో 10 ఉంటే హాయి.

అల్యూమినియమా కార్బనా అంటే, డబ్బులుంటే కార్బనే. బరువు తక్కువ, వణుకు కూడా తొందరగా ఆగుద్ది. డబ్బులు లేకపోతే సన్న కార్బన్ కన్నా లావు అల్యూమినియం నయం, ఇది నా గట్టి అభిప్రాయం.

తర్వాత హెడ్. బాల్ హెడ్ మీద ఇంత లెన్స్ పెడితే నాబ్ వదులు చేయగానే పక్కకి వాలిపోద్ది, వేలు నలిగినా నలుగుద్ది. గింబల్ మీద లెన్స్ తన బరువు మధ్యలో వేలాడుతుంది కాబట్టి వేలితో తిప్పొచ్చు, చెయ్యి తీస్తే ఎక్కడిది అక్కడే ఉంటుంది. వింబర్లీ అందరికీ తెలిసిన పేరు, రేటు కూడా అలాగే ఉంటుంది, బెన్రో లియోఫోటో గింబల్స్ కూడా పని చేస్తాయి. ఇక్కడ చాలామంది మర్చిపోయేది లెన్స్ ఫుట్, అంటే లెన్స్ కింద హెడ్‌కి బిగించే భాగం. టామ్రాన్ 150-600 జీ2 లాంటి వాటికి ఫుట్‌లోనే హెడ్ క్లాంప్‌లోకి నేరుగా జారే ఆర్కా గాడి ఉంటుంది, సోనీ 200-600కి ఉండదు, ప్లేట్ బిగించుకోవాలి. పొట్టి ప్లేట్ ఒక్క స్క్రూ మీద తిరిగిపోతుంటుంది, పొడుగుది రెండు స్క్రూలతో బిగించేది కొనండి, లేదా ఫుట్‌నే మార్చేయండి. మొత్తంలో ఏది వదులుగా ఉంటే ట్రైపాడ్ అంతా అంత వదులే.

కొనేటప్పుడు మీ లెన్స్ మోసుకుని షాపుకెళ్ళండి, మౌంట్ రోడ్ వైపు షాపుల్లో డబ్బా విప్పి చూపించమంటే చూపిస్తారు, మొహమాటపడొద్దు. కాళ్ళు పూర్తిగా లాగి, పైన ప్లాట్‌ఫారం రెండు చేతులతో పట్టుకుని మెలిపెట్టి చూడండి, తిరుగుతున్నట్టు అనిపిస్తే పక్కన పెట్టేయండి. తర్వాత కెమెరా ఎక్కించి, లైవ్ వ్యూలో 10 రెట్లు జూమ్ చేసి, రోడ్డవతల బోర్డు మీద అక్షరం ఒకటి చూస్తూ లెన్స్ హుడ్ మీద వేలితో ఒక్కసారి తట్టండి. అక్షరం ఊగి వెంటనే ఆగిపోతే మంచిది, ఇంకా వణుకుతూనే ఉంటే ఎంత పేరున్న కంపెనీ అయినా వద్దు. రెండు మోడల్స్ పక్కపక్కన పెట్టి ఇలా తడితే తేడా ఎవరికైనా తెలిసిపోద్ది.

ఫీల్డ్‌లో ఒక కాలు లెన్స్ చూసే వైపు పెట్టండి, మీరు మిగతా రెండు కాళ్ళ మధ్య నిలబడతారు. వాలు ఉంటే రెండు కాళ్ళు పల్లం వైపుకి. మామూలు నేల మీద ముందు లావు సెక్షన్లే లాగాలి, బురదలోనో నీళ్ళలోనో అయితే రివర్స్, కింది సన్న సెక్షన్ ముందు లాగండి, అప్పుడు లాక్ నీళ్ళకి పైన ఉంటుంది. గాలి ఎక్కువుంటే ఎత్తు తగ్గించి కూర్చోండి. ట్రైపాడ్ మధ్యలో కింద ఉండే హుక్‌కి బ్యాగ్ తగిలిస్తే అది నేలకి ఆనాలి, గాల్లో ఊగితే అదే కుదిపేస్తుంది. లెన్స్‌లో వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ ఆపాలా వద్దా అన్నది లెన్స్‌ని బట్టి ఉంటుంది, మాన్యువల్ చూడండి.

ట్రైపాడ్ తీర్చలేనివి కూడా ఉన్నాయి. వేడంతాంగల్ వాచ్ టవర్ మీద పక్కనోళ్ళు నడిస్తే ఆ అదురు మీ లెన్స్ దాకా వస్తుంది, వాళ్ళు ఆగేదాకా మీరూ ఆగాలి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు గట్టు మీద లారీ పోయినప్పుడూ అంతే. ఎండెక్కాక దూరంగా ఉన్న రాజహంసలు నీళ్ళ మీద వేడికి అలలు అలలుగా కనిపిస్తాయి, ఎంత ఖరీదైన కాళ్ళు పెట్టినా అది పోదు, దగ్గరున్న పిట్టల్ని తీసుకోండి. పడవలో అయితే ట్రైపాడ్ దండగ, ఇంజన్ అదురంతా కాళ్ళలోంచి ఎక్కుద్ది, గుడ్డసంచిలో బియ్యం పోసి అంచు మీద పెట్టుకుంటే చాలు.

ఉప్పు నీళ్ళు తగిలితే కార్బన్‌కి ఏం కాదు గానీ లాకులూ స్క్రూలూ పట్టేస్తాయి. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి, కాళ్ళు లాగి ఉంచే ఆరబెట్టండి. లాక్ తిప్పుతుంటే కరకరమంటే ఇసుక చేరినట్టే, బలవంతంగా తిప్పకుండా విప్పి కడగండి.