గుర్తు వస్తువులు, 3వ పాఠం: బొమ్మ బస్సు పక్కన పెట్టండి

చూపు, వినికిడి రెండూ తక్కువున్న పిల్లలకు, ఇప్పుడు ఏ పని జరగబోతోందో తెలిసేలా ముందే చేతికిచ్చేది గుర్తు వస్తువు. రెండో పాఠంలో రోజూ చేసే ఒక్కో పనికి ఒక్కోటి పెట్టుకోమన్నాం. చాలామంది అంగడికి పోయి ప్లాస్టిక్ బొమ్మలు తెచ్చారు. పిల్లలు వాటిని నమిలారు, విసిరికొట్టారు. "మావాడికి తెలుస్తలేదు" అని పెద్దవాళ్లు తేల్చేశారు. అందుకని కొత్తది ఆపి, ఈసారి దీని సంగతే చూద్దాం.

చూపు, వినికిడి రెండూ తక్కువున్న పిల్లవాడి చేతికి బొమ్మ బస్సు చక్రాలున్న నున్నటి డబ్బా. మహబూబ్‌నగర్ బస్సులో వాడి చేతికి తగిలేది ముందు సీటు వెనక ఇనుప రాడ్. అంత లావే ఉన్న గొట్టం జానెడు కోయించి, అంచులు ఆకురాయితో రాయించండి. చేతికర్రలకు వేసే రబ్బరు బుష్‌లు రెండు కొసలకూ ఊడకుండా అతికించండి. గుడ్డ మాత్రం చుట్టొద్దు, ఆ చల్లదనమే గుర్తు. భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే కేంద్రం) పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఎక్కేముందు ఇదే ఇవ్వండి.

స్నానానికి అసలు మగ్గే. ఉయ్యాలకు, ఆ ఉయ్యాల కట్టిన చీరలోంచే చింపిన పీలిక. తిండికి చెంచా పెట్టామంటున్నారు. నానబెట్టిన జొన్నరొట్టెను చేత్తో తినిపించే ఇంట్లో చెంచాతో పనేముంది? తినేముందు మెడకు కట్టే గుడ్డ చాలు. స్నానానికి తువ్వాల పెట్టినవాళ్లు మార్చుకోవాలి. వేళ్లకు రెండు గుడ్డలూ ఒక్కటే. తిండి అనుకున్నవాడి మీద నీళ్లు పడితే తర్వాత ఏ గుడ్డ ఇచ్చినా ఏడుస్తాడు. కొన్న బొమ్మలతో చెల్లెలు ఆడుకుంటుంది లెండి.

చేయి కింద చేయి పెట్టడం, అంటే వాడి చేయి పట్టి లాగకుండా మన చేతిని వాడి చేతి కింద ఉంచి వస్తువు చూపడం, మళ్లీ వివరంగా చెప్పను. వస్తువు అందించాక పని పేరు ఒక్కసారే అని, మనసులో 15 లెక్కపెట్టండి; ఒళ్లు బిగుసుకుపోయే పిల్లలకైతే 30. నిమిషంలోపు పని మొదలుకావాలి. నీళ్లు కాగకముందే మగ్గు ఇస్తే గుర్తు చెడిపోతుంది. పిల్లవాడు కదలకుండా ఉండిపోతే వద్దన్నాడనుకోకండి, చాలాసార్లు అది ధ్యాస పెట్టడమే. నమలడం కూడా నోటితో తడిమి చూడటమే. గొంతులోకి పోయేంత చిన్నవి మాత్రం ఇవ్వొద్దు.

అభ్యాసం: 14 రోజులు, ఉయ్యాల ఒక్కటే, రోజుకు 4 సార్లు. పీలిక ఇచ్చి, పది ఊపులు ఊపి ఆపండి. పీలికను వేళ్ల కింద పెట్టి కాచుకోండి. వేలు కదిపినా, కాలు తన్నినా, మూలిగినా "ఇంకా" అన్నట్టే లెక్క, వెంటనే ఊపండి. 30 లెక్కపెట్టినా ఏమీ రాకపోతే మీరే రెండు ఊపులు ఊపి మళ్లీ ఆపండి. నోటుబుక్కులో ప్రతిసారీ ఒక వరుస: టైము, ఎంతసేపటికి, ఒంట్లో ఏది కదిలింది. మొత్తం 56 వరుసలు, ఒక్కటీ వదలొద్దు. ఇలా ఆపి చూడటం తిండితో, తాగే నీళ్లతో, మూత్రంతో ఎప్పుడూ చేయకండి. వరుసగా మూడు రోజులు ఒకే కదలిక కనిపిస్తే దాని కింద గీత గీయండి. నాలుగో పాఠం ఆ గీత దగ్గర మొదలవుతుంది.