ఆక్టిన్‌కీ బ్యాక్టీరియాకీ ఉన్న చుట్టరికం: ల్యాప్‌టాప్‌లోనే తేల్చుకోండి

బెంగళూరులో బయోటెక్ ఎమ్మెస్సీ చేసే మన తెలుగు పిల్లలకు ప్రాజెక్టు అనగానే జీకేవీకేలోనో ఐఐఎస్‌సీలోనో ల్యాబ్ దొరకాలన్న బెంగ పట్టుకుంటుంది. మన కణాల్లోని ఆక్టిన్, బ్యాక్టీరియాలోని ఎంఆర్ఈబీ లాంటి, కణానికి ఆకారమిచ్చే ప్రోటీన్ పోగులు ఎలా పరిణమించాయో పరిశీలించడానికి పీజీ గది వైఫై, ఓ మామూలు ల్యాప్‌టాప్, రెండు సాయంత్రాలు చాలు.

మొదట సీక్వెన్సులు, అంటే ప్రోటీన్లలో అమైనో ఆమ్లాల వరసలు. యూనిప్రాట్ అనే ప్రోటీన్ల డేటాబేస్ నుంచి కుందేలు కండర ఆక్టిన్ పీ68135, ఈ. కోలై ఎంఆర్ఈబీ పీ0ఏ9ఎక్స్4 ఫాస్టా ఫైళ్లు దించుకోండి. రెండు సీక్వెన్సులను పేర్చి పోల్చే ఎంబాస్ నీడిల్‌లో గ్యాప్ ఓపెన్ 10, ఎక్స్‌టెండ్ 0.5 ఉంచి నడపండి. ఐడెంటిటీ, అంటే ఒకేలా ఉన్న అక్షరాల వాటా, 20 శాతం కూడా దాటదు. ఇది చూసి కొందరు చుట్టరికమే లేదని వదిలేస్తారు, కొందరు ఆ కాస్త శాతాన్నే రుజువుగా రాసేస్తారు. రెండూ తప్పే. ఏ రెండు ప్రోటీన్లు ఇచ్చినా నీడిల్ మొదటి నుంచి చివరిదాకా అతికించే తీరుతుంది. అందుకే ఎంఆర్ఈబీ అక్షరాలను షఫుల్‌సీక్‌తో కలగాపులగం చేసి, మళ్లీ నడిపి, రెండు స్కోర్లనూ పక్కపక్కన పెట్టండి: దగ్గరగా ఉంటే ఆ శాతం దేనికీ రుజువు కాదు.

సీక్వెన్సు చెరిగిపోయినా మడత, అంటే ప్రోటీన్ గొలుసు ముడుచుకునే ఆకారం, నిలుస్తుంది. ప్రోటీన్ల త్రిమితీయ నిర్మాణాలు దొరికే ఆర్‌సీఎస్‌బీ పీడీబీ సైట్‌లో పెయిర్‌వైజ్ స్ట్రక్చర్ అలైన్‌మెంట్ తెరవండి. ఆక్టిన్‌కి 1జె6జెడ్, థెర్మోటోగా అనే బ్యాక్టీరియా ఎంఆర్ఈబీకి 1జెసిజి, రెండిటికీ ఏ చైన్, పద్ధతి టీఎం-అలైన్. ఆక్టిన్‌కి 1ఏటీఎన్ వాడితే ఏ చైనే తీసుకోండి, డీ చైన్ దానికి అతుక్కున్న డీఎన్‌ఏజ్ అనే వేరే ప్రోటీన్. టీఎం-స్కోరు 0.5 దాటితే మడత ఒకటే అని లెక్క. ఆర్‌ఎంఎస్‌డీ (పేర్చాక రెండు నిర్మాణాల మధ్య సగటు ఎడం) ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి: న్యూక్లియోటైడ్ (ఏటీపీ లాంటిది) కూర్చునే చీలిక కాస్త తెరుచుకున్నా అది పెరిగిపోతుంది. అనుమానముంటే వంపులను లెక్కలోకి తీసుకునే జేఫ్యాట్‌క్యాట్ ఫ్లెక్సిబుల్‌తో మరోసారి చూడండి. ఇంకో చిక్కు: పరిపక్వ ఆక్టిన్‌లో మొదటి రెండు అమైనో ఆమ్లాలు ఉండవు, కాబట్టి యూనిప్రాట్ నంబరులోంచి 2 తీసేస్తేనే పీడీబీ నంబరు వస్తుంది.

ఇప్పుడు అందరూ ఎగ్గొట్టే పని. ఆక్టిన్‌ని 3హెచ్‌ఎస్‌సితో, అంటే ఆవు హెచ్‌ఎస్‌సీ70 ఏటీపేజ్ ముక్కతో కూడా పోల్చండి. మడత చక్కగా కలుస్తుంది. కానీ అది ఆక్టిన్‌లా పోగులు అల్లే ప్రోటీన్ కాదు, ఇతర ప్రోటీన్లు సరిగా మడతపడేందుకు సాయపడే షాపరోన్! ఈ కంట్రోల్ లేని రిపోర్టు మడత గురించి చెబుతుందే తప్ప పోగు గురించి ఏమీ చెప్పదు. కేఆర్ మార్కెట్‌లో మల్లెలు ఒకటే అయినా విడిపూలు వేరు, మూరల్లో కొలిచే మాల వేరు. మాలలో చూడాల్సింది ముడి, అంటే పోగులో అణువుకీ అణువుకీ మధ్య అతుకు.

ముడి కోసం ఆక్టిన్ పోగు 6డీజేఓ తెరిచి, ఒకే పేటలో (పోగులోని ఒక వరుసలో) పక్కపక్కనున్న రెండు అణువుల్లో ఒకే అమైనో ఆమ్లపు సీ-ఆల్ఫాల మధ్య దూరం కొలవండి: దాదాపు 55 ఆంగ్‌స్ట్రామ్‌లు రావాలి. అంతకు బాగా తేడా వస్తే ఎదురు పేటలోని అణువును పట్టుకున్నారన్నమాట. 2001లో బయటికొచ్చిన ఎంఆర్ఈబీ స్ఫటికంలో అణువులు అదే తీరున 51 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంతో వరుస కట్టాయి. పేటలు జతకట్టే తీరు మాత్రం మారిపోయింది. ఆక్టిన్‌లో రెండు పేటలూ ఒకే దిశలో మెలికపడతాయి, ఎంఆర్ఈబీలో ఎదురెదురు దిశల్లో నిటారుగా ఉంటాయి, ప్లాస్మిడ్లను పంచే పార్‌ఎంలో మెలిక ఎడమవైపుకి. పేటలోని ముడి పాతది, పేటల జోడింపు ఎవరికి వారు కుదుర్చుకున్నది. రిపోర్టులో ఈ రెండిటినీ విడివిడిగా రాయండి.

సమయముంటే కణంలోని మరో పోగు ప్రోటీన్ ట్యూబులిన్ వైపూ ఇదే పద్ధతి: దాని బ్యాక్టీరియా చుట్టం ఎఫ్‌టీఎస్‌జెడ్‌కి 1ఎఫ్‌ఎస్‌జెడ్, ట్యూబులిన్‌కి 1జేఎఫ్‌ఎఫ్ బీ చైన్. 1998 నాటి 1టియుబి జోలికి పోకండి, 1జేఎఫ్‌ఎఫ్ దాన్ని సరిదిద్ది మెరుగుపరిచిన నమూనా.