సెలైన్ ఎప్పటికి అయిపోతుందో ముందే లెక్కేయండి

గుంటూరు కొత్తపేటలో మాతో నైట్ డ్యూటీకి వచ్చే కొత్త సిస్టర్లకు నేను మొదట నేర్పేది ఒక చిన్న భాగహారం. సెలైన్ సెట్ (బాటిల్‌కు తగిలించే గొట్టం) కవరు మీద మిల్లీలీటరుకు 20 చుక్కలు అని ఉంటే, డాక్టరు గంటకు ఎన్ని మి.లీ. ఎక్కించమన్నారో దాన్ని 3తో భాగించండి. నిమిషానికి ఎన్ని చుక్కలో వచ్చేస్తుంది. 500 మి.లీ. బాటిల్ 4 గంటల్లో ఎక్కాలంటే గంటకు 125, అంటే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. పిల్లలకు వాడే మైక్రో సెట్‌లో మిల్లీలీటరుకు 60 చుక్కలు కాబట్టి లెక్కే అక్కర్లేదు, గంటకు ఎన్ని మి.లీ. అయితే నిమిషానికి అన్నే చుక్కలు.

బాటిల్ మీద ప్లాస్టర్ అంటించి 'మొదలు 10, ఆఖరు 2' అని రాసి పెట్టండి. రోగి చెయ్యి మడిచినా వేగం మారిపోతుంది, అందుకే మధ్యమధ్యలో చుక్కలు మళ్లీ లెక్కపెట్టాలి. బాటిల్ ఖాళీ అయినా ఎవరూ చూసుకోకపోతే కాన్యులాలో, అంటే నరంలోకి గుచ్చి ఉంచే సన్నటి గొట్టంలో, రక్తం గడ్డకడుతుంది. కొత్తది కొనాలి, మళ్లీ గుచ్చాలి. ఆ ఖర్చూ ఆ నొప్పీ రోగివే, నాకు అదే బాధ. ఇంకో బాటిల్ కావాల్సి ఉంటే వెంట ఉన్నవాళ్లకు పదింటికే చెప్పేయండి, అర్ధరాత్రి మందుల షాపు కోసం టెన్షన్ పడకుండా ముందే తెచ్చుకుంటారు.