పిల్లల మూర్ఛకు రేడియోసర్జరీ – 4వ పాఠం: తారీఖుతో తేడా పట్టడం

రేడియోసర్జరీ అంటే కోత లేకుండా రేడియేషన్‌ను ఒకే చోటికి గురిపెట్టే చికిత్స. హైపోథాలమిక్ హామార్టోమాకు (మెదడు అడుగున హైపోథాలమస్‌లో పుట్టుకతో ఉండి ఫిట్స్ తెచ్చే గడ్డ) దాని మోతాదు ఎలా నిర్ణయిస్తారో 3వ పాఠంలో చూశాం. గడ్డ అంచుకు 17 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) అటూ ఇటూగా ఇస్తూనే, పక్కనున్న ఆప్టిక్ కయాజానికి (రెండు కంటి నరాలు కలిసే చోటు) 8–10 గ్రే దాటకుండా చూసుకుంటారు. చికిత్స అయ్యాక పిల్లల్లో ఏదైనా తేడా కనిపిస్తే అదేమిటో పోల్చుకోవడం ఈసారి పాఠం.

కేసు షీటు పైభాగాన చికిత్స తారీఖు, దాని కింద లక్షణం మొదలైన తారీఖు రాయండి. మధ్యలో ఎన్ని వారాలో లెక్కేయండి. స్కాన్ రాయడానికి ముందే ఈ పని జరగాలి. రేడియేషన్ దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టి, సగం అనుమానాలు ఈ లెక్కతోనే తీరిపోతాయి.

మొదటి వారంలో వచ్చేవాటికి ఎక్కువగా ఫ్రేమే (చికిత్సప్పుడు తల కదలకుండా పిన్నులతో బిగించే చట్రం) కారణం. పిన్నులు గుచ్చిన చోట నొప్పి, నుదురు, కనురెప్పల వాపు, తలనొప్పి కొద్ది రోజుల్లో తగ్గుతాయి. ఎరుపు పెరుగుతూ చీము, జ్వరం కనిపిస్తే ఇన్‌ఫెక్షన్ అనుకోండి. చికిత్స రోజునో మర్నాడో ఫిట్స్ వస్తే ముందు అడగాల్సింది ఒకటే: మత్తు కోసం ఖాళీ కడుపుతో ఉంచినప్పుడు పొద్దుటి మాత్ర వేశారా, లేదా?

అసలు చిక్కంతా నెలల మీద మొదలవుతుంది. హామార్టోమాలో ఫలితం వెంటనే రాదు. కొందరికి మొదట కాస్త తగ్గి, కొన్ని నెలలకు ఫిట్స్ ఎక్కువై, ఆ తర్వాత మళ్లీ తగ్గుతాయి. మధ్యలో పెరగడం చూసి చికిత్స విఫలమైందని తేల్చేయకండి. అలాగని ‘మామూలే’ అని ఇంటికి పంపేయనూ వద్దు.

3 నుంచి 18 నెలల మధ్య తలనొప్పి, పొద్దుటి వాంతులు, ఒక పక్క చెయ్యో కాలో బలహీనపడటం కనిపిస్తే గడ్డ చుట్టూ వాపు వచ్చిందేమోనని చూడాలి. ఎంఆర్ఐలో ఫ్లెయిర్ అనే రకం చిత్రంలో అది తెల్లగా కనిపిస్తుంది. లక్షణాలు ఉంటే వాపు తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ మొదలుపెడతారు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు: ఫెనిటాయిన్, కార్బమజెపీన్, ఫినోబార్బిటోన్ అనే ఫిట్స్ మందులు వాడే పిల్లల్లో కాలేయం ఈ స్టెరాయిడ్‌ను త్వరగా అరగదీస్తుంది. అప్పుడు వాపు తగ్గకపోతే కణజాలం చచ్చిపోయిందనుకునే ముందు మందుల చీటీ ఒకసారి చూడండి. మరో ఫిట్స్ మందు లెవెటిరాసెటమ్‌తో ఈ బెడద లేదు. వారాల తరబడి ఇచ్చిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే, ఒంట్లో సొంత స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి వెంటనే అందుకోలేదు. మెల్లగా తగ్గించాలి.

చూపు సంగతి పిల్లలు తమంతట తాము చెప్పరు. ఒకే వైపు గుమ్మానికి గుద్దుకోవడం, చదివేటప్పుడు వాక్యం ఒక చివర వదిలేయడం గమనించండి. చికిత్సకు ముందే చూపు పరిధి పరీక్ష చేయించకపోతే తర్వాత పోల్చడానికి ఏమీ ఉండదు.

ఏళ్ల తర్వాత వచ్చేవి తక్కువే. రక్తనాళాల చిక్కుముడికి (ఏవీఎం) చికిత్స చేస్తే, అది మూసుకోవడానికి పట్టే 2–3 ఏళ్లూ రక్తస్రావం భయం ఉంటుంది. మూసుకున్న తర్వాత కూడా ఆ చోట నీటితిత్తి ఏర్పడవచ్చు. రేడియేషన్ వల్ల కొత్త కంతి పుట్టడం చాలా అరుదు. అయినా పిల్లలకు ముందు బోలెడు జీవితం ఉంది కనుక కేసు మూసేయకూడదు.

అభ్యాసం: 9 ఏళ్ల పాప, హామార్టోమా, చికిత్స అయి 7 నెలలు. నవ్వు ఫిట్స్ (కారణం లేకుండా నవ్వు రూపంలో వచ్చేవి) రోజుకు 3 నుంచి 8 అయ్యాయి. తలనొప్పి, వాంతులు లేవు. అప్పట్లో 22 కిలోలున్న పాప ఇప్పుడు 27 కిలోలు. ఫిట్స్ మందు ఆక్స్‌కార్బజెపీన్ రోజుకు 750 మిల్లీగ్రాములు, మార్చలేదు.

జవాబు: నెలల లెక్క చూస్తే తాత్కాలిక పెరుగుదల కావచ్చు. కానీ మోతాదు కిలోకు 34 మిల్లీగ్రాముల నుంచి 28కి పడిపోయింది. ఇంత బరువు పెరగడం ఆకలినీ హార్మోన్లనూ నడిపే హైపోథాలమస్ పని కావచ్చు, కాబట్టి హార్మోన్ పరీక్షలూ రాయండి. మోతాదు పెంచే ముందు రక్తంలో సోడియం చూడండి. ఆక్స్‌కార్బజెపీన్ దాన్ని తగ్గిస్తుంది, సోడియం బాగా పడిపోతే దానివల్లే ఫిట్స్ రావచ్చు. కాంట్రాస్ట్‌తో (నరంలోకి ఎక్కించే మందుతో) ఎంఆర్ఐ, చూపు పరీక్ష ఈ విడతలోనే చేయించండి.

5వ పాఠం: ఆ హార్మోన్ రిపోర్టులు చదవడం.