షూటింగ్ రేంజిలో తుపాకి ప్రాక్టీస్ మొదటిసారి ఎట్టా మొదలుపెట్టాలి?

మన నెల్లూరు, ఒంగోలు వైపు మామూలు జనానికి తుపాకి అంటే బ్యాంకు కాడ గార్డు భుజాన ఉండే డబుల్ బ్యారెల్, లేకపోతే ఎన్‌సీసీ క్యాంపులో పిల్లకాయలు కాల్చే పాయింట్ టూ టూ రైఫిల్, అంతే. ఆత్మరక్షణకని నేర్చుకోవాలంటే ముందు చట్టం చూసుకోండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకి పెట్టుకోవడం నేరం, లైసెన్స్ రావాలంటే 21 ఏళ్ళు నిండాలి. అందుకని కోచ్ ఉన్న రేంజిలో 10 మీటర్ల దూరంలో ఉండే టార్గెట్‌కి గాలి ఒత్తిడితో కాల్చే ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.

మొదటి రోజు కాల్చాలని తొందరపడబాకండి. తుపాకి చేతికి రాగానే గొట్టం టార్గెట్ వైపే ఉంచి, లోపల గుండు ఉందా లేదా చూసుకోండి, పక్కనోళ్ళు ఖాళీదే అన్నా సరే మీరు మళ్ళీ చూడాల్సిందే. వేలు ట్రిగ్గర్ మీద కాదు, దాని పక్కన తుపాకి ఒంటి (ఫ్రేమ్) మీద చాపి పెట్టండి. ఎవరన్నా పిలిస్తే తుపాకితో పాటే వెనక్కి తిరగడం కొత్తోళ్ళందరూ చేసే పని, ప్రాణాలు తీసేది కూడా అదే, కాబట్టి ముందు తుపాకి కింద పెట్టి అప్పుడే తిరగండి.

తర్వాత మీకు ఏ కన్ను బలమో చూసుకోండి. రెండు కళ్ళూ తెరిచి దూరంగా ఉన్న వస్తువుకి వేలు చూపించి, ఒక్కో కన్నే మూయండి. ఏ కన్ను తెరిచినప్పుడు వేలు కదలకుండా కనిపిస్తే ఆ కన్నుతోనే గురి.

పోటీల్లో పిస్టల్ ఒంటి చేత్తో కాలుస్తారు, ఆత్మరక్షణకైతే రెండు చేతులతో గట్టిగా పట్టాలి, బొటనవేలు మాత్రం స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కి దూసుకొచ్చే పిస్టల్ పై భాగం) వెనక్కి రానీయబాకండి, చీరుకుపోద్ది. గొట్టం చివర ముందున్న సైటు (గురి చూసే ముక్క) స్పష్టంగా, టార్గెట్ మసగ్గా కనపడాలి. ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు గానీ పద్ధతి అదే. ఊపిరి సగం వదిలి ఆపి, ట్రిగ్గర్ మెల్లగా తిన్నగా వెనక్కి నొక్కండి. కుడిచేతి వాటం వాళ్ళకి దెబ్బలన్నీ కింద ఎడమ వైపు పడతన్నాయంటే శబ్దానికి భయపడి ముందే గుంజతన్నారని అర్థం. అప్పుడు కోచ్‌నడిగి ఖాళీ తుపాకితో డ్రై ప్రాక్టీస్ చెయ్యండి, ఎంత చేస్తే అంత మంచిది.

అసలు తుపాకి దాకా వచ్చాక చెవులకి, కళ్ళకి రక్షణ తప్పనిసరి. నొక్కినా పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి చెయ్యెత్తి కోచ్‌ని పిలవండి, తొంగి చూడబాకండి. గుళ్ళలో సీసం ఉంటది, టీ తాగే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.